దాచేపల్లి ప్రాంతపు పాత భూపటాలు

పల్నాడు జిల్లాలో నాగులేటి ఒడ్డున ఉన్న దాచేపల్లినీ చుట్టుపక్కల గ్రామాలనూ 18వ శతాబ్దం చివరి నుంచి ఇప్పటిదాకా ఎన్నోసార్లు కొలిచారు, గీశారు. అలా పుట్టిన పటాలు ముఖ్యంగా రెండు రకాలు. సర్వే ఆఫ్ ఇండియా వేసినవి ఒకటి: కొండ, వాగు, దారి, ఊరు, అడవి చూపే స్థలాకృతి పటాలు. వాటిని అందరూ టోపోషీట్లనే అంటారు. రెవెన్యూ శాఖ వేసిన గ్రామ నక్షాలు, పొలం కొలతల పుస్తకాలు రెండోవి. మొదటివి సైన్యం కోసం, రెండోవి శిస్తు కోసం పుట్టాయి. ఒకే నేలను చూసినా ఈ రెండూ ఒకదానినొకటి పట్టించుకోలేదు. టోపోషీటులో ఊళ్లో ఇళ్లు కనిపిస్తాయి, పొలం గట్టు కనిపించదు. గ్రామ నక్షాలో ప్రతి గట్టూ ఉంటుంది, ఇళ్లున్న చోటు మాత్రం గ్రామకంఠమని రాసి ఖాళీగా వదిలేసి ఉంటుంది. పల్నాటి పల్లె చరిత్ర కావాలంటే రెండిటినీ పక్కపక్కన పరిచి చూడాలి. ఒక్కదానితో తృప్తిపడితే సగం ఊరే దొరుకుతుంది.

కంపెనీ కొలతలు

గుంటూరు సర్కారు 1788లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ వశమైంది. పల్నాడు దానితో కలిసి రాలేదు. అది ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండి, 1801 కర్ణాటక ఒడంబడికతో కంపెనీకి దక్కింది. కృష్ణకు అవతల నిజాం రాజ్యం, ఇవతల కంపెనీ సీమ. ఈ సరిహద్దు వల్లనే ఇక్కడి రేవులూ దారులూ పటాల్లోకి తొందరగా ఎక్కాయి. సైన్యం నది దాటాలంటే రేవు ఎక్కడుందో, బండి ఎంతవరకు పోతుందో, నీళ్లెక్కడ దొరుకుతాయో తెలియాలి. తొలినాటి పటాలు ఇవే చెప్తాయి. దారికి దూరంగా ఉన్న ఊరి మీద వాటికి ఆసక్తి లేదు.

ఈ సీమను కొలిచినవారిలో పెద్ద పేరు కాలిన్ మెకంజీది. స్కాట్లాండు దీవుల్లో పుట్టి 1783లో మద్రాసుకు వచ్చిన ఈ ఇంజినీరు 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్, 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయాడు. అమరావతి స్తూపాన్ని 1790ల చివర్లో చూసి, 1816లో మళ్లీ వచ్చి తన సర్వేయర్లతో కొలతలు తీయించాడు. ఆ చిత్రాలు, నక్షాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. దాచేపల్లి చరిత్ర వెతికేవారికి మాత్రం మెకంజీ పటాలకంటే ఆయన రాయించిన కైఫియతులే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వారి కింద పనిచేసినవారు ఊరూరా తిరిగి కరణాలను అడిగి ఊరి పుట్టుక, గుళ్లు, మాన్యాలు, పొలిమేరలు, ఏలినవారి వరుస రాయించారు. పొలిమేర ఫలానా రాయి దగ్గర మొదలై ఫలానా వాగు మీదుగా ఫలానా చెట్టు దాకా పోతుందని చెప్పే కైఫియతును మాటల్లో గీసిన పటం అనుకోవచ్చు. తర్వాతి సర్వేయర్లు పాతించిన రాళ్లు చాలాచోట్ల ఆ మాటలనే అనుసరించాయి.

పని చేసేవాళ్లను తయారు చేయడం కూడా ఇక్కడే మొదలైంది. మైఖేల్ టాపింగ్ ఆధ్వర్యంలో 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టి కుర్రాళ్లకు కొలత, లెక్క, పటం గీయడం నేర్పారు. టాపింగ్ కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించే వీలుందేమో చూడడానికి ఈ డెల్టా అంతా తిరిగి, 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. ఆ బడిలో చదివినవారే తర్వాత మెకంజీ సర్వేల్లో చేతులూ కాళ్లూ అయ్యారు. పటం మూలన దొరల పేర్లే కనిపిస్తాయి. గొలుసు లాగినవారి పేర్లు ఉండవు.

త్రికోణాల లెక్క

విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద ఆధారరేఖ కొలిచి మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. ఒక గీతను నేల మీద గొలుసుతో చాలా జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొసల నుంచీ దూరంగా ఉన్న ఒక కొండ గుర్తును చూసి కోణాలు తీస్తే, మిగతా రెండు భుజాలు లెక్కకు వస్తాయి. వాటి మీద మరో త్రికోణం, దాని మీద ఇంకొకటి. ఇలా దేశమంతా అల్లుకుపోవచ్చు. కొండల్లేని తమిళ మైదానంలో గుడి గోపురాలెక్కి చూడాల్సి వచ్చింది. 1808లో తంజావూరు గోపురం మీదికి లాగుతుంటే అర టన్ను బరువున్న థియోడొలైటు దెబ్బతింది. పల్నాడులో ఆ అవస్థ లేదు. చూపు ఆనడానికి గుట్టలున్నాయి. టోపోషీట్ల మీద నడుమ చుక్క పెట్టిన చిన్న త్రికోణం గుర్తు కనిపిస్తే, అక్కడ అలాంటి గుర్తురాయి ఉందని అర్థం. పక్కన ఎత్తు అంకె వేసి ఉంటుంది.

పని మాత్రం సుఖమైనది కాదు. జార్జ్ ఎవరెస్ట్ లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన కొత్తలో, 1819లో, కృష్ణా గోదావరుల నడుమ త్రికోణాలు తీస్తూ ఎల్లాపురం అడవుల్లో మన్యపు జ్వరం బారిన పడ్డాడు. పరివారం కూడా మంచాన పడింది. ఆయన కోలుకోవడానికి దేశం విడిచి పోవలసి వచ్చింది. తర్వాత ఆయన లెక్కగట్టిన భూగోళాకార కొలతలనే భారత పటాలన్నీ నూటయాభై ఏళ్లకు పైగా వాడుకున్నాయి. దానివల్ల నేటికీ ఒక చిక్కు ఉంది. పాత టోపోషీటులో చదివిన అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోనులోని మ్యాపులో కొడితే, గుర్తు అసలు చోటికి నూరు మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. పాత పటం తప్పు కాదు, ఫోను తప్పూ కాదు. రెండూ వేర్వేరు గోళాల మీద లెక్క వేస్తున్నాయి. పొలం గొడవల్లో పాత టోపోషీటును సాక్ష్యంగా తెచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ కొలతలన్నిటినీ కలిపి అంగుళానికి నాలుగు మైళ్ల స్కేలులో ఇండియా అట్లాస్ అనే పటాల వరుస 1827 నుంచి లండన్‌లో రాగిరేకుల మీద చెక్కి ముద్రించారు. కొండలను సన్నని గీతల కుంచెలా చూపిన ఆ పటాలు చూడముచ్చటగా ఉంటాయి. ఎత్తు ఎంతో మాత్రం చెప్పవు.

56 పి/10

ఇప్పుడు మనకు తెలిసిన టోపోషీటు 1904–05 నాటి సర్వే కమిటీ తర్వాత రూపు దిద్దుకుంది. అంగుళానికి మైలు స్కేలు, రంగుల ముద్రణ, ఎత్తు చూపే గోధుమరంగు రేఖలు అప్పుడే స్థిరపడ్డాయి. సంఖ్య వేసే పద్ధతి తెలిస్తే ఏ ఊరి షీటైనా ఎవరైనా చెప్పగలరు. నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పు గల గడికి ఒక అంకె. మన గడి 56: తూర్పు రేఖాంశం 76 నుంచి 80, ఉత్తర అక్షాంశం 16 నుంచి 20. దాన్ని డిగ్రీకి ఒకటి చొప్పున పదహారు ముక్కలు చేసి పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి ఏ నుంచి పి దాకా అక్షరాలు వేస్తారు. కుడివైపు అట్టడుగు ముక్క పి. దాన్ని మళ్లీ పదహారు చేస్తే ఒక్కొక్కటి పదిహేను నిమిషాల షీటు.

దాచేపల్లి దాదాపు 16 డిగ్రీల 36 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 44 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. లెక్క వేస్తే షీటు 56 పి/10. గురజాల, నది అవతల మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి కూడా ఇందులోకే వస్తాయి. కారెంపూడి దీని కింద 56 పి/11లో, పిడుగురాళ్ల 56 పి/15లో, మాచర్ల 56 పి/7లో పడతాయి. దాచేపల్లి దురదృష్టం ఏమిటంటే, షీటు తూర్పు అంచు 79 డిగ్రీల 45 నిమిషాల దగ్గరే ముగుస్తుంది. ఊరి నుంచి అంచుకు రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఊరి తూర్పు పొలాలు కావాలంటే పక్క షీటు 56 పి/14 తెచ్చి అంటించుకోవాలి. సర్వే శాఖకు రేఖాంశమే హద్దు. ఊరు నడిమధ్యకు రావాలన్న పట్టింపు దానికి లేదు.

ఒక్కో షీటు నేల మీద ఉత్తర దక్షిణాలుగా సుమారు 28 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 27 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దేశం మెట్రిక్ కొలతల్లోకి మారాక 1950ల చివరి నుంచి అంగుళం–మైలు పటాల స్థానంలో 1:50,000 స్కేలు పటాలు వచ్చాయి. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. యాభై అడుగులకు ఒకటి చొప్పున ఉన్న ఎత్తు రేఖలు ఇరవై మీటర్లకు ఒకటి అయ్యాయి. అంటే పల్నాడు లాంటి చదునైన నేలలో పటం మీద గీతలు తగ్గాయి. పాత అంగుళపు పటం ఈ ఒక్క విషయంలో కొత్తదానికంటే మేలు.

రంగుల సంగతి చెప్పాలి. పసుపు సాగునేల, ఆకుపచ్చ అడవి, తెలుపు బీడు, ఎరుపు ఇళ్లూ దారులూ, నీలం నిలిచే నీళ్లు. వేసవిలో ఎండిపోయే వాగును నల్లగీతలతో చూపుతారు. అందుకే పల్నాటి షీటులో నీలం తక్కువ, నల్లని వాగులు ఎక్కువ. చెరువుకట్ట పక్కన 3r అని ఉంటే కట్ట చుట్టుపక్కల నేలకంటే మూడు మీటర్లు ఎత్తని అర్థం. గుడి, మసీదు, చర్చి, బావి, తాడిచెట్టు, పోస్టాఫీసు, ప్రయాణికుల బంగళా, దేనికి దానికి గుర్తు ఉంది. పత్తికీ మిరపకూ గుర్తు లేదు. నల్లరేగడి మీద ఏ పంట పండుతోందో, అది వానకు పండిందో కాలువకు పండిందో పసుపు రంగు చెప్పదు. గుంటూరు మిరప పేరు ప్రపంచమంతా తెలిసినా టోపోషీటుకు తెలియదు.

పటం వయసు పట్టడం

పాత షీటు చేతికొస్తే ముందు చూడాల్సింది మార్జిన్. ఏ సంవత్సరం కొలిచారో, ఎప్పుడు ముద్రించారో రెండూ వేర్వేరుగా రాసి ఉంటాయి. ఆ రెండిటి నడుమ పదేళ్లయినా గడవొచ్చు. అంచులు చిరిగిపోయి ఆ వివరం లేకపోతే పటమే తన వయసు చెప్తుంది.

గుంటూరు–మాచర్ల మీటర్‌గేజి రైలు 1930 ప్రాంతంలో వచ్చింది. రైలు గీత లేకపోతే ఆ కొలత అంతకు ముందుదే. నడికుడి నుంచి నది దాటి బీబీనగర్ వైపు పోయే రెండో లైను 1980ల చివరిది. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. కాలువా పిల్లకాలువలూ నీలిగీతలుగా కనిపిస్తే పటం ఆ తర్వాతిది. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. గుంటూరు 1859 నుంచి 1904 అక్టోబరు దాకా కృష్ణా జిల్లాలో కలిసి ఉంది కాబట్టి, ఆ కాలపు పటాల్లో పల్నాడు కృష్ణా జిల్లా తాలూకాగా ఉంటుంది. ఇప్పుడు నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా.

అన్నిటికంటే తమాషా అయినది కృష్ణానది మీది సరిహద్దు గుర్తు. 1956కు ముందు పటాల్లో అది పెద్ద సరిహద్దు. ఇవతల మద్రాసు (1953 తర్వాత ఆంధ్ర), అవతల హైదరాబాదు. 1956 తర్వాత ముద్రణల్లో అదే గీత గుంటూరు నల్గొండల నడుమ జిల్లా హద్దుగా చిన్నదైపోయింది. 2014 జూన్ 2 నుంచి మళ్లీ రాష్ట్ర సరిహద్దు. నది ఎక్కడిదక్కడే ఉంది, మారింది గీత ఒక్కటే. పొందుగల దగ్గర వంతెన దాటేవారికి ఈ గీత ఇంకో విధంగానూ తెలుసు. ఇవతల పొలాన్ని ఎకరాలు, సెంట్లలో చెప్తారు. అవతల ఎకరాలు, గుంటలు. ఒకవైపు మద్రాసు సర్వే, మరోవైపు నిజాం కాలపు సర్వే వదిలిన గుర్తు అది.

గొలుసు, లింకు, సెంటు

మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే 1858లో పద్ధతి ప్రకారం మొదలైంది. ముందు థియోడొలైటుతో గ్రామ పొలిమేర చుట్టి, మలుపు మలుపునా రాయి పాతి, ఆ తర్వాత లోపలి పొలాలను గొలుసుతో కొలిచారు. గొలుసు 66 అడుగులు, దానిలో 100 లింకులు. 80 గొలుసులు మైలు. పది చదరపు గొలుసులు ఎకరా. ఎకరాలో నూరోవంతు సెంటు, అంటే గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరంలో పదో వంతు. మనం ఇవాళ ఇళ్లస్థలాలు కొనేటప్పుడు చెప్పుకునే సెంటు ఆ గొలుసులోంచి వచ్చిందే.

గ్రామ నక్షాలను మైలుకు పదహారు అంగుళాల స్కేలులో గీశారు. అంగుళానికి ఐదు గొలుసులు, చదరపు అంగుళానికి రెండున్నర ఎకరాలు. కొన్ని పెద్ద గ్రామాలకు మైలుకు ఎనిమిది అంగుళాలు. టోపోషీటులో సెంటీమీటరున్న చోటు ఇందులో దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లు. దానికి తోడు పొలం కొలతల పుస్తకం ఉంటుంది, రెవెన్యూవారి నోట అది ఎఫ్ఎంబి. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. పొలం మధ్యగా ఒక మూల నుంచి మరో మూలకు గీసిన గీత జీ-లైను. దాని మీద ఎంత దూరంలో ఎటువైపు ఎన్ని లింకులు జరిగితే గట్టు మలుపు తగులుతుందో అంకెలు. అంకెలే గానీ చిత్రం లేని ఈ పేజీతో వందేళ్ల తర్వాత కూడా సర్వేయరు పోయిన రాయిని మళ్లీ చోటు తప్పకుండా పాతగలడు. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయికి మిగతా రాళ్లకంటే మర్యాద ఎక్కువ. అది కదిలితే మూడు ఊళ్లు కదులుతాయి. ఈ రాళ్లకు చట్టబలం 1923 నాటి మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం ఇచ్చింది.

గ్రామ నక్షా ఏం చూపుతుందో చూడండి. వాగు, కుంట, చెరువు శిఖం, బండ్లు పోయే డొంక, పుంత, శ్మశానం, మందబయలు, పోరంబోకు, దేవుడి మాన్యం, ఇనాము. ఊరి సామూహిక ఆస్తి ఎంతో, ఎక్కడో ఇంతకంటే వివరంగా చెప్పే కాగితం మరొకటి లేదు. పాత నక్షాను ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పెడితే ఎన్ని డొంకలు పొలాల్లో కలిశాయో, ఎన్ని కుంటలు ప్లాట్లయ్యాయో ఊరివాళ్లే లెక్కపెట్టుకోవచ్చు. టోపోషీటు అందంగా ఉంటుంది, చరిత్రకారులు దానినే ఎత్తుకుంటారు. పల్లె చరిత్రకు మాత్రం బూజుపట్టిన ఎఫ్ఎంబిదే పెద్దపీట.

ఈ కాగితాలు తాలూకా కచేరీల్లో, కరణాల దఫ్తరాల్లో ఉండేవి. 1984లో కరణం పదవులు రద్దయినప్పుడు కొన్ని దఫ్తరాలు కచేరీలకు చేరాయి, కొన్ని ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. గ్రామకంఠంలోని ఇళ్లను కొలవడం ఇటీవలి పని. కేంద్రం స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్‌లో మొదలైంది. అదే సంవత్సరం డిసెంబరు 21న రాష్ట్రంలో డ్రోన్లతో సమగ్ర భూసర్వే జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో ప్రారంభమైంది.

రాళ్ల పటం

పై రెండు రకాల్లోనూ చేరని పటం ఒకటుంది. భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద 1872లో ప్రచురించిన బృహత్ గ్రంథంలో పల్నాటి సున్నపురాయి పొరలను వివరించాడు. నడికుడి, దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల చుట్టూ ఇవాళ కనిపించే సిమెంటు ఫ్యాక్టరీలకూ సున్నపు బట్టీలకూ నాపరాళ్ల క్వారీలకూ ఆధారం ఆ పొరలే. పత్తి పండే నల్లరేగడి కింద ఏముందో ఊరివాళ్లకు బావి తవ్వినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది. పటంలోకి ఎక్కాక అది పరిశ్రమకు తెలిసింది.

మునిగిన ఊళ్లు

పాత పటాల విలువ అసలు తెలిసేది నీళ్లు వచ్చాక. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయం కింద పోబోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి ఏ విహారం ఏ చైత్యానికి ఎంత దూరంలో ఉందో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ తవ్వకాల ముందు, తవ్వకాల్లో గీసిన పటాలే కారణం. అక్కడి కట్టడాలు కొన్నిటిని రాళ్లతో సహా కొండ మీదికీ ఒడ్డుకూ తరలించారు. వాటి అసలు చోటు పటంలో మాత్రమే మిగిలింది.

దిగువన పులిచింతల. దీని జలాశయాన్ని 2013 డిసెంబరులో ప్రారంభించారు. సామర్థ్యం 45.77 టీఎంసీలు. నీటిలో కలిసిన ఊళ్లలో కొల్లూరు ఒకటి. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే అక్కడి వజ్రాల గనుల్లో అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడిదేనని చాలామంది నమ్మిక. తవెర్నియే చెప్పిన చోటు ఏదో తర్వాతి కాలంలో మరిచిపోయారు. అది కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ కొల్లూరేనని వాలెంటైన్ బాల్ 19వ శతాబ్దం చివర్లో తవెర్నియే యాత్రల అనువాదానికి టిప్పణులు రాస్తూ తేల్చాడు. ప్రయాణ దూరాలను పాత పటాల మీద సరిచూసుకోవడమే ఆయన పద్ధతి. ఇవాళ ఎవరైనా ఆ పని చేయాలన్నా పాత పటాలే దిక్కు. కొత్త పటంలో అక్కడ నీలం రంగు తప్ప ఏమీ ఉండదు.

ఇక్కడే ఎత్తు రేఖల ఉపయోగం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. పాత అంగుళపు పటంలో 600 అడుగుల రేఖ వెంట వేలు పోనిస్తే జలాశయపు అంచు ఇంచుమించుగా చేతికొస్తుంది. ఆ రేఖకు లోపల ఉన్న ఊరు, గుడి, బావి, డొంక అన్నీ నీటి కిందివే. పులిచింతల మట్టం 175 అడుగులు, అంటే 53.34 మీటర్లు. పాత పటంలో అది 150, 200 రేఖలకు సరిగ్గా నడుమ. మెట్రిక్ పటంలో 40కీ 60కీ నడుమ ఎక్కడో. పాత పటం కాస్త ఎక్కువ చెప్తుందని ముందే అన్నది ఇందుకే.

బయటి ప్రపంచంలో

నదికి ఆనకట్ట పడి ఊరు మునిగితే పటం ఏమవుతుందో చూడడానికి అమెరికాలోని అపలాచియా కొండసీమ మంచి పోలిక. అక్కడ 1879లో పుట్టిన భూగర్భ సర్వే సంస్థ 1884 నుంచి స్థలాకృతి పటాలు వేసింది. టెనెసీ లోయ అభివృద్ధి సంస్థ 1933లో ఏర్పడి వరుసగా ఆనకట్టలు కట్టింది. టెనెసీలో బట్లర్ అనే ఊరు 1948లో జలాశయం కింద పోయింది. అక్కడి పటాలు 1:24,000 స్కేలువి, మనవాటికి రెట్టింపు పెద్దవి. పల్లెల్లో ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న నల్లచదరం, బడికీ చర్చికీ శ్మశానానికీ పేర్లతో సహా గుర్తులు ఉంటాయి. 1884 నుంచి 2006 దాకా అచ్చయిన లక్షా డెబ్బై వేలకు పైగా పటాలను, ఒక షీటుకు ఎన్ని ముద్రణలుంటే అన్నిటినీ స్కాన్ చేసి ఉచితంగా అందరికీ తెరిచి పెట్టారు. వలసపోయిన కుటుంబాల మనవలు తాతగారి ఇంటి చోటును వాటిలో వెతుక్కుంటారు. రెవెన్యూ నక్షాల వంటి వివరం మాత్రం వాళ్ల టోపోషీటులోనూ లేదు.

మన దగ్గర కథ వేరు. దేశంలో సర్వే ఆఫ్ ఇండియా 1767 నుంచీ ఉంది. చాలాకాలం టోపోషీటు సైనిక రహస్యంతో సమానం. సరిహద్దుల, తీరప్రాంతపు షీట్లు మామూలు మనిషికి దొరికేవి కావు. 2005 జాతీయ పట విధానం సైన్యానికి ఒక వరుస, ప్రజలకు ఒక వరుస అని విడదీసింది. 2017 నుంచి ప్రజల వరుసలోని 1:50,000 పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దిగుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు పటాలు తయారు చేయడం మీద, వాడడం మీద ఉన్న ఆంక్షలను చాలావరకు తీసేశాయి. ఇది మెచ్చుకోవలసిందే. దిగేది మాత్రం కొత్త ముద్రణ. 1920ల నాటి 56 పి/10, రైలు రాకముందుది, కాలువ రాకముందుది కావాలంటే పాత గ్రంథాలయాలు, జాతీయ ప్రాచీన పత్రాగారం, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారం, లండన్ బ్రిటిష్ లైబ్రరీ తలుపులు తట్టాలి. విచిత్రమేమిటంటే, అమెరికా సైన్యం 1950లలో మన పటాల ఆధారంగానే వేసుకున్న 1:250,000 పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. మన పల్నాడును మనకంటే ముందు వాళ్లు చూపించారు.

గ్రామ నక్షాల విషయంలో రాష్ట్రం కొంత ముందుంది. మీ భూమి వెబ్‌సైటులో గ్రామ పటాలు, ఎఫ్ఎంబి పేజీలు చూసుకునే వీలు 2015 నుంచి వచ్చింది. కాకపోతే అవి ఇవాల్టి హక్కుల కోసం పెట్టినవి. తొలి సర్వే నక్షాలు, వాటి మీద ఎర్రసిరాతో చేసిన దిద్దుబాట్లు, రీసెటిల్‌మెంటు నాటి మార్పులు చరిత్రగా చూసుకునేలా ఎక్కడా ఒక్కచోట లేవు. రీసర్వే పూర్తయిన గ్రామంలో పాత ఎఫ్ఎంబికి చట్టం దృష్టిలో పని తీరిపోతుంది. పని తీరిన కాగితానికి కచేరీలో ఏ గతి పడుతుందో అందరికీ తెలుసు. రీసర్వే జరిగిన ప్రతి గ్రామం పాత నక్షానూ ఎఫ్ఎంబినీ రాష్ట్ర పురాతన పత్రాల శాఖ స్కాన్ చేయించి, ఆ తర్వాతే మూలకు చేర్చాలి. దాచేపల్లి, గురజాల వైపు పాత కరణాల ఇళ్ల అటకల మీద దఫ్తరాలు ఉన్నవారు కూడా దయచేసి వాటిని పాతకాగితాలవాడికి వేయకండి. ప్లాస్టిక్ పూత కూడా వేయించవద్దు, కాగితం లోపలే పాడైపోతుంది. పగటి వెలుగులో ఫోటో తీసి, గ్రామం పేరు, సర్వే నంబరు రాసిపెట్టి, దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాల చరిత్ర విభాగానికో ఒక నకలు ఇవ్వండి.